ఓ తల్లీ, రేపు రా

కొత్తగా సీట్లో కూర్చున్నవారికి ముందుగా అభినందనలు. సీపీ, అంటే సెరిబ్రల్ పాల్సీ, పిల్లల ఫైలు మీ టేబుల్ మీదికి వచ్చిందంటే మీ పంట పండినట్టే. ఇందులో కాంట్రాక్టర్లు ఉండరు, ధర్నాలు ఉండవు, ఎమ్మెల్యేగారి మనిషి ఫోన్ చెయ్యడు. వచ్చేది ఒక్క తల్లి. చంకలో పిల్లాడు, చేతిలో పాలిథీన్ కవరు, కవర్లో ఆరేళ్ళ కాయితాలు. ఆమెను నొప్పించకుండా వెనక్కి పంపడం తెలిస్తే చాలు, రిటైరయ్యేదాకా నిశ్చింత. ఇలాంటి సీట్లలోనే ముప్ఫై రెండేళ్ళు కూర్చుని, ఒక్క మెమో అందుకోకుండా దిగినవాణ్ణి చెబుతున్నాను, వినండి.

కొత్తవాళ్ళు చేసే మొదటి తప్పు ‘లేదు’ అనడం. పొరపాటున కూడా అనకండి. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ఒకటుంది. అందులో 21 వైకల్యాల పట్టిక ఉంది, ఆ పట్టికలో సెరిబ్రల్ పాల్సీ పేరు ఉంది. మీరు ‘లేదు’ అంటే ఎవరో ఒకరు దాన్ని కాయితం మీద రాసివ్వమంటారు. రాసిస్తే పైకి వెళ్తారు. ‘రేపు’ని రాసివ్వమని అడిగినవాళ్ళు ఇంతవరకూ లేరు.

ఒకప్పుడు మన ఊళ్ళలో రాత్రిపూట దయ్యం వచ్చి తలుపు కొడుతోందని పుకారు పుడితే, గుమ్మం గుమ్మానికీ ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్నారు, గుర్తుందా? దయ్యం వచ్చేది, చదువుకునేది, సరేలెమ్మని వెళ్ళిపోయేది. మర్నాడు వచ్చినా అదే రాత. మంత్రం లేదు, తాయెత్తు లేదు, నాలుగు మాటలు. నా దృష్టిలో తెలుగువాళ్ళు కనిపెట్టిన పరిపాలనా శాస్త్రమంతా ఆ నాలుగు మాటల్లోనే ఉంది. దయ్యాన్నే తిప్పి పంపినవాళ్ళం, తల్లిని పంపలేమా?

పనిలోకి దిగేముందు సరుకు గుణం తెలియాలి. మెదడుకి దెబ్బ ఒక్కసారే తగులుతుంది. నెలలు నిండకుండా పుట్టడం, కాన్పులో ఊపిరి అందకపోవడం, పుట్టిన రోజుల్లో కామెర్లు ముదరడం, ఇలాంటివేవో. ఆ దెబ్బ పెరగదు. పెరిగేది పిల్లాడు. ఎముక పొడుగవుతుంటుంది, బిగుసుకున్న కండరం దానితో సమంగా సాగదు. మడమ నేలకి ఆనదు. మోకాలు వంగినచోటే ఆగిపోతుంది. తొడలు కత్తెర పడతాయి. తుంటి ఎముక మెల్లమెల్లగా గూడు వదిలి పక్కకి జరుగుతుంది. ఇందులో మీరు వేలు పెట్టాల్సిన పనే లేదు. మీరు ఊరుకుంటే చాలు, మిగతాది పిల్లాడి ఎదుగుదలే చూసుకుంటుంది. పైగా ఈ పిల్లలు కూర్చోవడం, నిలబడటం, నడవడం లాంటివాటిలో తాము అందుకోగలిగినదాన్లో 90 శాతం దాకా ఐదేళ్ళ లోపే అందుకుంటారని 2002లో కెనడా పరిశోధకులు లెక్కగట్టి చెప్పారు. అంటే మీరు నెట్టుకురావాల్సింది అరవై నెలలు. ఒక సీఎం పదవీకాలం. ఆ పాటి ఓపిక మన శాఖలో అటెండరుకి కూడా ఉంటుంది.

1. పేరు పెట్టకండి.

ఈ చిట్కా డాక్టర్లకి, నర్సమ్మలకి, ఊళ్ళో పెద్దవాళ్ళకి. ఐదో నెలలో తల్లి వస్తుంది. ‘‘మెడ నిలబడట్లేదు సార్, ఎత్తుకుంటే విల్లులా విరుచుకుపోతున్నాడు’’ అంటుంది. నవ్వండి. ‘‘వాళ్ళ నాన్న ఎన్నో నెలలో నడిచాడు?’’ అని అడగండి. ఆలస్యంగా నడిచిన మేనమామ ఏ ఇంట్లోనైనా ఒకడు దొరుకుతాడు. వాణ్ణి సాక్ష్యం తెచ్చుకుని ‘‘మీ వంశంలోనే ఉంది’’ అనండి. తెలిసినవాళ్ళు పరీక్షగా చూస్తే ఆరో నెల నిండకముందే పోల్చుకోగలరట. కాబట్టి తెలిసినవాళ్ళ దగ్గరికి పంపకండి. నరాల బలానికి ఒక టానిక్కు రాసి ‘‘ఏడాది నిండనీ, చూద్దాం’’ అనండి. అరవైలో పన్నెండు నెలలు పోయాయి, ఖర్చు ఒక్క సీసా.

పేరు పెట్టక తప్పకపోతే నాలుగు పెట్టండి. ఆస్పత్రి చీటీ మీద ‘సీపీ’. ఫారంలో ‘మస్తిష్క పక్షవాతం’. ఊళ్ళో ‘నరాల బలహీనత’. నానమ్మ నోట ‘పక్షిదోషం’. నాలుగు పేర్లకి నాలుగు క్యూలు. ఒక క్యూలోవాళ్ళకి ఇంకో క్యూ ఉన్నట్టు తెలియనివ్వకండి. బోర్డు మీద శాఖ పేరు కూడా మార్చుతూ ఉండండి. వికలాంగులని కొన్నాళ్ళు, విభిన్న ప్రతిభావంతులని కొన్నాళ్ళు, దివ్యాంగులని కొన్నాళ్ళు. బోర్డుకి రంగు వేయించిన బిల్లు పాసవుతుంది. బోర్డు కిందున్న మెట్ల సంగతి ఎవరూ అడగరు.

2. చీటీ ఇచ్చి చేతులు కడుక్కోండి.

2013 నుంచి పిల్లల్ని చూడటానికి అంగన్‌వాడీలకీ బడులకీ డాక్టర్ల బృందాలు తిరుగుతున్నాయి. పుట్టిన బిడ్డ దగ్గర్నుంచి 18 ఏళ్ళ దాకా ముప్ఫైకి పైగా రకాల ఇబ్బందులు చూస్తారు, అందులో ఇదీ ఉంది. కనిపెట్టిన పిల్లాణ్ణి జిల్లా కేంద్రంలోని సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. పంపండి, అంటే చీటీ రాసివ్వండి. ఆ కేంద్రం ఏ రోజు తెరిచి ఉంటుంది, ఎన్నో గది, ఎవర్ని అడగాలి, ఇవేవీ చీటీ మీద పట్టవు. చీటీ ఇవ్వగానే మీ లెక్కలో పిల్లాడు ‘రిఫర్ చేయబడినాడు’. చేరాడా అనే గడి ఫారంలో ఉంటే, ఫారం మీకు అందలేదనుకోండి.

3. ఇంట్లోవాళ్ళని కలుపుకోండి.

ప్రభుత్వం ఒక్కటే ఇంత పని చెయ్యలేదు. ప్రజల భాగస్వామ్యం కావాలి. అత్తగారితో మొదలుపెట్టండి. ‘‘కడుపుతో ఉండి గ్రహణంలో బయట తిరిగింది’’ అనే ఒక్క మాట చాలు. కోడలు ఆ తరవాత మూడేళ్ళు తన తప్పు కడుక్కోవడానికి గుడులూ దర్గాలూ తిరుగుతుంది. పసరు కట్టేవాడి దగ్గరికి ప్రతి ఆదివారం, తాయెత్తుకి అమావాస్య. ఏ పుట్టమన్నయినా రాయనివ్వండి, ఏ నూనైనా మర్దించనివ్వండి. గ్రహణం బిడ్డని చెడగొట్టడమే కాదు, బాగు కూడా చేస్తుంది. 2019 డిసెంబర్ 26 సూర్యగ్రహణం నాడు మన పక్కనే కలబురగి దగ్గర ఇలాంటి పిల్లల్ని మెడదాకా మట్టిలో పాతిపెట్టారు. పిల్లలు ఏడ్చారు, టీవీలవాళ్ళొచ్చారు. కానీ ఫిజియో ఎందుకు లేడని అక్కడ ఎవరూ అడగలేదు చూడండి, అదీ నైపుణ్యం.

తండ్రి పని తేలిక. ‘‘నాకు డ్యూటీ ఉంది’’ అని చెప్పి బయటికి వెళ్ళిపోవాలి. పదేళ్ళపాటు అదే మాట చెప్పాలి.

కాస్త పొలం ఉన్న కుటుంబమైతే మూలకణాల ఇంజెక్షన్ వైపు తిప్పండి. సీపీకి దాన్ని వైద్యంగా ఇవ్వకూడదని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లోనే ఉంది. ఉంటే ఏం, మార్గదర్శకాలు గోడకి అతికిస్తారా ఏమిటి? పోస్టర్లు అతికిస్తారు. అరెకరం అమ్మించండి. డబ్బైపోయిన కుటుంబం వారం వారం వ్యాయామానికి రాదు.

4. కాయితం ముందు, కాలు తరవాత.

బిగుసుకున్న కాలిని సాగదీయడానికి వైకల్యం శాతం అక్కర్లేదు. ఈ రహస్యం మన మధ్యనే ఉండాలి. తల్లి రాగానే ‘‘సర్టిఫికెట్ ఉందా?’’ అనండి. సదరం అనండి, యూడీఐడీ అనండి, ఆ నెల ఏ మాట నడుస్తుంటే ఆ మాట. స్లాట్ బుక్ చేసుకోమనండి. స్లాట్లు ఎప్పుడు తెరుస్తారో చెప్పకండి, ఎప్పుడు అయిపోయాయో మాత్రం ఖచ్చితంగా చెప్పండి.

ఆధార్ దగ్గర అసలు మజా. ఐదేళ్ళ లోపు పిల్లలకి వేలిముద్రలు తీసుకోరు, ఐదు దాటాక ఇవ్వాలి. ఈ పిల్లల పిడికిలి బిగుసుకుని ఉంటుంది. తల్లి ఒక్కొక్క వేలూ విప్పి అద్దం మీద ఆనిస్తుంది, మెషిన్ కుయ్యిమంటుంది, పిల్లాడు ఉలిక్కిపడతాడు, పిడికిలి మళ్ళీ మూసుకుంటుంది. కంటిపాప ఫొటో తీద్దామంటే తల నిలవదు. ‘‘వేళ్ళు వదులయ్యాక తీసుకురామ్మా’’ అనండి. వేళ్ళు వదులవడానికి ఫిజియో కావాలి, ఫిజియోకి సర్టిఫికెట్ కావాలి, సర్టిఫికెట్‌కి వేళ్ళు కావాలి. ఇంత గుండ్రని చక్రం కుమ్మరి కూడా చెయ్యలేడు.

మెడికల్ బోర్డు ముందుకి వచ్చే రోజు కోసం ఒక పుకారు సిద్ధంగా ఉంచండి. ఆంధ్రలో 2024 జూలై నుంచి వికలాంగుల పింఛను 6,000, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో అంటుకుపోయినవారికి 15,000. తెలంగాణలో 2023 నుంచి 4,016. అర్హతకి 40 శాతం కావాలి. కాబట్టి తల్లి చెవిలో మెల్లగా వెయ్యండి: ‘‘వ్యాయామం చేయిస్తే శాతం తగ్గిపోద్దేమో, చూసుకోమ్మా.’’ అంతే. ఆ తల్లి రాత్రంతా లెక్క వేస్తుంది. బిడ్డ కాలు ఒక పక్క, నెలకి ఆరువేలు ఒక పక్క. ఇంత మంచి త్రాసు ఆమె చేతికిచ్చింది మనమేనని ఆమెకి ఎప్పటికీ తెలియదు.

ఇంకొకటి. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ‘నిరామయ’ అని లక్ష రూపాయల ఆరోగ్య బీమా ఉంది, థెరపీ ఖర్చులు కూడా అందులో వస్తాయి. దీన్ని పైకి చదవకండి.

5. ఫిజియోని సంతతో కలపండి.

ఇలాంటి పిల్లలకి బడిలోనే మండలానికో భవిత సెంటరు, వారానికో రోజు ఫిజియో. ఈ ఏర్పాటు చూడటానికి బాగుంటుంది, దీన్ని కదపకండి. ఆ వారానికో రోజుని మాత్రం సంత రోజుకి మార్చండి. సంతనాడు కూలికి పోకపోతే వారం సరుకులు రావు, ఆటో దొరకదు, దొరికినా అందులో కోళ్ళుంటాయి. సంత లేని మండలమైతే రివ్యూ మీటింగ్ రోజుకి మార్చండి.

తరవాత లెక్క చెయ్యండి, ఆనందంగా ఉంటుంది. బడి క్యాలెండరే మన క్యాలెండరు. ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ 11 దాకా వేసవి సెలవులు. దసరా. సంక్రాంతి. పరీక్షలు. బడిలో పోలింగ్ బూత్ పెడితే అదో వారం. మిగిలిన రోజుల్లో ఫిజియో పదిమంది పిల్లల్ని చూడాలి, అందులో సగం సమయం ఫొటో తీసి అప్‌లోడ్ చెయ్యడానికి పోవాలి. కండరాలకి వేసవి సెలవులు ఉండవని ఒక కుర్ర ఫిజియో నాతో వాదించాడు. మంచివాడే. అతనికి గౌరవ వేతనం నాలుగు నెలలు ఆపితే సిటీలో క్లినిక్కులో చేరిపోయాడు. ‘‘ఫిజియో రావట్లేదమ్మా, మేమేం చేస్తాం’’ అనే మాట అప్పటి నుంచి ఎంత నిజాయతీగా అనగలిగానో!

(నాకు భుజం పట్టేసినప్పుడు మాత్రం ఫిజియో ఇంటికే వచ్చి, ఇరవై రోజులు ఒక్కరోజు తప్పకుండా చేసి వెళ్ళాడు. మధ్యలో మానేస్తే లాభం లేదు సార్ అన్నాడు. అది వేరే సంగతి, అది రీయింబర్స్‌మెంట్.)

6. గదిని కాపాడండి.

సెంటర్లో వ్యాయామం గదికి మ్యాటు, పెద్ద బంతి, ప్యారలల్ బార్లు, అద్దం వస్తాయి. మ్యాటు ప్లాస్టిక్ కవరు విప్పకండి, మాసిపోతుంది. బంతిలో గాలి తీసి బీరువాలో పెట్టండి. తాళం హెడ్మాస్టర్ దగ్గర ఉంచండి, ఆయన సెలవులో ఉండేట్టు చూసుకోండి. బార్లు తుండుగుడ్డలు ఆరేసుకోవడానికి భేషుగ్గా ఉంటాయి. జూన్‌లో పాఠ్యపుస్తకాల కట్టలొస్తాయి కదా, వాటికి ఈ గదికన్నా మంచి గోడౌన్ మండలంలో లేదు.

ర్యాంపు కట్టించండి, ఫొటోకి ర్యాంపు కావాలి. పైన తలుపుకి తాళం వెయ్యండి. కింద మీ స్కూటర్ పెట్టండి. సీజన్లో మిరపకాయలు ఆరబోసుకోవడానికి ఊరివాళ్ళకిస్తే మీకు మంచి పేరు కూడా.

7. బస్సు ఫ్రీయే కదమ్మా.

ఈ వాక్యం కంఠతా పట్టండి. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ ప్రయాణం ఉచితం. అంతకుముందు ఆమె చార్జీలు లేవని చెప్పేది, మనం తలొంచుకునేవాళ్ళం. ఇప్పుడు తలెత్తుకుని అడగొచ్చు: ‘‘ఫ్రీ బస్సుండి కూడా రాలేదంటే ఏమనుకోవాలి?’’

ఆమె ఏదో చెప్పబోతుంది. పల్లెవెలుగు మొదటి మెట్టు మోకాలెత్తు ఉంటుందని, తొమ్మిదేళ్ళవాడు పద్దెనిమిది కిలోలు ఉన్నాడని, ఒళ్ళు బిగిస్తే ముప్ఫై ఉన్నట్టుంటుందని, వాడు మగపిల్లాడు కాబట్టి వాడికి టికెట్టు కొట్టారని, నిలబడి వెళ్ళాల్సి వచ్చిందని, ఎవరూ లేవలేదని, పోయిన కూలికి ఫ్రీ ఎవరూ ఇవ్వలేదని. వినకండి. పిల్లాణ్ణి తీసుకొచ్చేవాళ్ళకిచ్చే ఎస్కార్ట్ అలవెన్స్ అని ఒకటి ఉన్నట్టు ఆమెకి గుర్తొచ్చేలోపు ‘‘నెక్స్ట్’’ అనండి.

8. కొలత ఒక పుట్టినరోజుకి, బండి మరో పుట్టినరోజుకి.

పరికరాలు చేసే అలింకో కంపెనీవాళ్ళది కాన్పూర్. అవి అక్కడి నుంచి రావాలి. క్యాంపు పెట్టి పిల్లల్ని కొలవండి. తరవాత మంత్రిగారి తేదీ కోసం ఆగండి. తేదీ దొరికేసరికి పిల్లాడు మూడంగుళాలు పెరిగుంటాడు. స్ప్లింట్ మడమ దగ్గర కొరుకుతుంది, రెండ్రోజుల్లో మంచం కిందికి పోతుంది. కుర్చీ పెద్ద సైజులో వస్తే ఇంకా మంచిది. నడుముకి ఆనింపు లేక పిల్లాడు పక్కకి ఒరిగిపోతాడు, వెన్ను కూడా అలాగే వంకర అలవాటు చేసుకుంటుంది. వెనక బ్యానరు, ముందు పిల్లాడు, మధ్యలో కుర్చీని పట్టుకున్న పన్నెండు చేతులు. ఫొటో బాగా రావాలి.

డిసెంబర్ 3 మర్చిపోకండి. వికలాంగుల దినోత్సవం. మ్యూజికల్ చైర్స్ పెట్టండి. అవును, సీపీ పిల్లలకే. అరటిపళ్ళు పంచండి. నమలడం, మింగడం కష్టమైన పిల్లలున్నారని ఎవరైనా అంటే, అది స్పీచ్ థెరపిస్ట్ పని, ఆ పోస్టు మనకి మంజూరు కాలేదని చెప్పండి.

9. మెషిన్లో పెట్టండి.

ఇది ప్రైవేటు క్లినిక్కు పెట్టుకున్న తమ్ముళ్ళకి. ఎర్రలైటు వెలిగించండి, కరెంటు పెట్టండి, టైమర్ టిక్కుటిక్కుమనాలి. టైమర్ మోగితే పైసలు వసూలైనట్టు తల్లిదండ్రులకి తృప్తి. పిల్లాడు ఏడుస్తుంటే కాలు బలంగా గుంజండి, ఎంత ఏడిస్తే అంత పని జరిగినట్టు. ఇరవై సిట్టింగుల ప్యాకేజీ అమ్మండి, అయిపోగానే మరో ఇరవై.

లక్ష్యం మాత్రం పెట్టకండి. ‘మూడు నెలల్లో ఆసరా లేకుండా పీట మీద కూర్చోవాలి’ లాంటిది ఒక్కటి రాసుకుంటే చాలు, మూడు నెలల తరవాత ఎవరైనా పీట తెచ్చి అడుగుతారు. ఈ పిల్లల కదలికలు ఐదు స్థాయిలని, ఏ స్థాయివాడు ఎంతవరకు రాగలడో ముందే కొంత చెప్పొచ్చని మీరు చదువుకున్నారు. చెప్పకండి. ఒకటో స్థాయివాడి తల్లికీ ఐదో స్థాయివాడి తల్లికీ ఒకటే మాట: ‘‘నడుస్తాడమ్మా, నమ్మకం ఉంచండి.’’

అన్నిటికన్నా ముఖ్యం, తల్లికి నేర్పకండి. ఆమెను బయట బెంచీ మీద కూర్చోబెట్టి తలుపు వెయ్యండి. విద్య ఇంటికి వెళ్ళిపోతే మనం ఏం తిని బతకాలి? వారానికి నలభై నిమిషాలు మీవి. మిగతా వారమంతా ఆమెది. స్నానం చేయించడం, అన్నం పెట్టడం, బట్టలు తొడగడం, ఎత్తుకోవడం, ఇవన్నీ థెరపీ అయి కూర్చునే ప్రమాదం ఉంది. చూడండి, మన ఆడవాళ్ళు పిల్లాణ్ణి చంకనేసుకుంటారు కదా, కాలు ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి. కత్తెర పడే కాళ్ళకి అదే మంచి పద్ధతని థెరపీ పుస్తకాలు ఒప్పుకుంటాయి. వేల ఏళ్ళుగా ఫీజు లేకుండా జరిగిపోతోంది. పొత్తిళ్ళలో చంటిపిల్లాడిలా కాళ్ళు కలిపి ఎత్తుకోమని మీరు సలహా ఇవ్వండి. డేవిడ్ వెర్నర్ అనే ఆయన 1987లో వికలాంగులైన పల్లెటూరి పిల్లల గురించి లావుపాటి పుస్తకమే రాశాడు, కర్రలతో, తాళ్ళతో, పాత టైర్లతో పరికరాలు ఎలా చేసుకోవాలో బొమ్మలు గీసి మరీ. మీ సెంటర్లో ఆ పుస్తకం ఉంటే గాలి తీసిన బంతి పక్కన పెట్టండి.

10. తప్పు ఆమె మీద రాయండి.

‘‘ఇంట్లో చేయిస్తున్నారా?’’ అని గద్దించండి. ఏం చేయించాలో చెప్పారా అని ఆమె అడగదు, తల దించుకుంటుంది. మూడుసార్లు తల దించుకున్నాక రావడం మానేస్తుంది. రిజిస్టర్లో ఎర్రసిరాతో ‘తల్లిదండ్రుల నిరాసక్తత’ అని రాయండి. ‘నిరాసక్తత’ అక్షరదోషం లేకుండా రాయడం నేర్చుకోండి, మీ సర్వీసులో అన్నిటికన్నా ఎక్కువసార్లు రాయబోయే మాట అదే. పిల్లాడికి 18 నిండగానే వాడు మన పథకంలో నుంచి వాడంతట వాడే రాలిపోతాడు. ఫైలు మూసెయ్యండి.

11. ఒక రకం మనిషితో మాత్రం జాగ్రత్త.

పై పదీ తుచ తప్పకుండా పాటించినా ఎక్కడో ఒకతి తగులుతుంది. నాకు సర్వీసు చివర్లో తగిలింది.

తప్పు నాది కాదు. ఒక గురువారం ఎవరి బదులో వచ్చిన కొత్తపిల్ల, ఫిజియో, కాళ్ళు గుంజకుండా గంటసేపు ఆ తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. నోటుపుస్తకం చివరి పేజీలో పుల్లల బొమ్మలు గీసిచ్చింది. అంతే, తెగులు అంటుకుంది. పాత చీరలో దూది కుక్కి బోల్‌స్టర్ చేసుకుందట. రెండు గోడలు కలిసే మూలలో దిండ్లు పెట్టి పిల్లాణ్ణి కూర్చోబెట్టిందట. వాళ్ళ మరిది పెరట్లో వెదురుబొంగులు పాతి రెండు బార్లు కట్టాడట. అన్నం కంచం వాడికి అందీ అందనంత దూరంలో పెడుతుందట, చెయ్యి చాపాలని. మోకాళ్ళు వంగకుండా అట్టముక్కలు చుట్టి గుడ్డతో కట్టి, బార్ల మధ్య నిలబెడుతుందట. ఇదంతా నేను అడగలేదు, ఆమే చెప్పింది.

నేను అలవాటు ప్రకారం ‘‘రేపు రామ్మా’’ అన్నాను. వచ్చింది. దయ్యమైతే చదివి వెళ్ళిపోయేది, ఈమె చదివి మర్నాడు పొద్దున్నే వచ్చింది. శుక్రవారం వస్తే సోమవారం అన్నాను, సోమవారం వచ్చింది. ర్యాంపు మీదున్న నా స్కూటర్ స్టాండు తీసి, పక్కకి నడిపించి, మళ్ళీ స్టాండు వేసి లోపలికి వచ్చింది. నేను ఫైల్లోనుంచి తలెత్తేలోపు పిల్లాణ్ణి నా టేబుల్ అంచు పట్టించి నిలబెట్టింది.

‘‘ఎత్తు సరిగ్గా సరిపోయింది సార్, ఇంట్లో ఇంత ఎత్తు బల్ల లేదు’’ అంది.

వాడు రెండు చేతులా అంచు పట్టుకుని ఊగుతూ నిలబడ్డాడు. ఒక మడమ లేచి ఉంది, రెండోది నేలకి ఆనింది. నోట్లోంచి చొంగ ఫైలు మీద కారింది. ఎవరి ఫైలో చూశాను, వాడిదే. ‘నిరాసక్తత’ మీద సిరా అలుక్కుపోయింది. వాడికి నవ్వొచ్చింది. నేను టీకి లేచాను. తిరిగొచ్చేసరికి కూడా అక్కడే ఉన్నారు.

ఈ రకాన్ని గుర్తుపట్టడం తేలికే. మీరు ‘‘రేపు రా’’ అన్నాక కదలదు. ‘‘రేపు ఎన్నింటికి సార్?’’ అని అడుగుతుంది. దానికి నా దగ్గర చిట్కా లేదు. నేనైతే ఆ సాయంత్రమే ఇరవై రోజులు మెడికల్ లీవు పెట్టాను. కారణం దగ్గర భుజం నొప్పి అని రాశాను.